నీళ్ళ సీసా మీద ఊరి పేరు

జబల్ అఖ్దర్ ఎక్కడానికి సంచి సర్దుకుంటుంటే అమ్మ అడిగింది, "నీళ్ళు పెట్టుకున్నావా?" పెట్టుకున్నాను, ఆరు సీసాలు. వాటి మీద "తనూఫ్" అని రాసుంది. మస్కట్‌లో పెరిగిన నాకు తనూఫ్ అంటే నీళ్ళు, అంతే. అది ఒక ఊరి పేరని, కొండ కిందే ఉందని, దారి కోసం మ్యాపు చూస్తుంటే తెలిసింది. ఆ ఊరి కథ చదివాక ముందు అక్కడికే వెళ్ళాలనిపించింది.

అరబ్బీలో జబల్ అంటే కొండ, అఖ్దర్ అంటే పచ్చని. పచ్చకొండ అన్నమాట. దాని మీద దాదాపు 2,000 మీటర్ల ఎత్తున సైక్ అనే పీఠభూమి ఉంది. పైన నీళ్ళున్నాయి, దానిమ్మ తోటలు, గులాబీ తోటలు ఉన్నాయి. ఎక్కే దారులు మాత్రం కొన్నే, అవీ ఇరుకు. అందుకే ఈ కొండ ఒక కోట లాంటిది.

ఒకప్పుడు ఒమన్ లోపలి ప్రాంతాన్ని ఇమాం పాలించేవాడు, మస్కట్‌నీ తీరాన్నీ సుల్తాన్ పాలించేవాడు. 1920లో సీబ్ దగ్గర ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది. 1950లలో చమురు వెతుకులాట మొదలయ్యాక అది చెడింది. 1957లో ఇమాం గాలిబ్, ఆయన తమ్ముడు తాలిబ్, బనీ రియామ్ తెగ పెద్ద సులేమాన్ బిన్ హిమ్యార్ తిరగబడ్డారు. ఓడిపోయి ఈ కొండెక్కారు. సుల్తాన్ వైపు బ్రిటిష్ సైన్యం వచ్చింది. తనూఫ్ సులేమాన్ ఊరు. దాని మీద బ్రిటిష్ విమానాలు బాంబులు వేశాయి.

1959 జనవరి 26 రాత్రి బ్రిటిష్ సైనికులు కొండ ఎక్కారు. దాడి తనూఫ్ వైపు నుంచి వస్తుందని ముందే నమ్మించి, వేరే దారి పట్టారు. తెల్లవారేలోపు పైకి చేరాలని, బరువైన సంచులు దారిలోనే వదిలేశారట. నాయకులు ముగ్గురూ తప్పించుకున్నారు. యుద్ధం మాత్రం అయిపోయింది.

మేము తెల్లవారుజామున మస్కట్‌లో బయలుదేరి, నిజ్వా దాటి తనూఫ్ చేరాం. మట్టిగోడలు సగం నిలబడి ఉన్నాయి, పైకప్పులు లేవు. గుమ్మం ఉన్న చోట గుమ్మం, కిటికీ ఉన్న చోట కిటికీ అలాగే తెలుస్తున్నాయి. దాహం వేసి సీసా తీశాను. మూత తిప్పబోయి పేరు చూసి ఆగిపోయాను. తర్వాత తాగాను, ఎండ అలాంటిది.

అక్కడి నుంచి వెనక్కి బిర్కత్ అల్ మౌజ్ వచ్చాం. ఆ పేరుకి అరటి చెరువు అని అర్థం. కొండ దారి మొదట్లో పోలీసులు ఆపి, మాది ఫోర్ వీల్ డ్రైవ్ బండేనా అని చూస్తారు. అప్పట్లో గాడిదలు కూడా కష్టపడి ఎక్కిన కొండ మీదికి ఇప్పుడు తారు రోడ్డు. పైన బండి ఆపి, తోటల మధ్య మెట్ల దారిలో ఊరి నుంచి ఊరికి నడిచాం. ఊరివాళ్ళు ఆ దారిలో రోజూ నడుస్తారు. రొప్పింది మేమే.

ఇంటికొచ్చాక ఖాళీ సీసాలు చూసి అమ్మ, "అన్నీ తాగేశావే!" అంది. అప్పుడు అమ్మకి తనూఫ్ కథ చెప్పాను. ఇరవై ఏళ్ళుగా అవే నీళ్ళు కొంటున్నా, అది ఊరి పేరని అమ్మకీ తెలియదు.

ఈ వ్యాసం రాస్తూ నేర్చుకున్న మాటలు రెండు: తిరుగుబాటు, శిథిలాలు. రెండోది పలకడం ఇంకా సరిగ్గా రావట్లేదు.