గుఱ్ఱ మొకనిది, స్వారి వేఱొకనిది



నా చిన్ననాఁట మా యూరి రైలు స్టేషను ముందట ఒక జట్కా నిలుచుచుండెడిది. గుఱ్ఱమును బండియు నొక షావుకారువి. పగలు తోలువాఁ డొకఁడు, దీపములు పెట్టిన పిమ్మటఁ దోలువాఁడు వేఱొకఁడు. ఇద్దఱును షావుకారునకు రోజుబాడుగ చెల్లించి పైన మిగిలినది తా ముంచుకొనెడివారు. ఒక సాయంకాలము నేను బడినుండి వచ్చుచుండఁగా ఆ గుఱ్ఱము వంతెన యెక్కుచు మోఁకాళ్లపైఁ గూలినది. రాత్రివాఁడు దానిని నిద్రపోనీయలేదని పగటివాఁ డనెను. పగటివాఁడు దాణా తగ్గించినాఁడని రాత్రివాఁ డనెను. ఎవరి తప్పైనను బాడుగ మాత్రము తగ్గదని షావుకా రనెను. ముగ్గురును వాదించుచుండ గుఱ్ఱము ఱెప్పలార్పుచుఁ బడియుండెను. ఆ వాదము నాఁడు తెగలేదు. పిదప ముప్పదియైదేండ్లు పిల్లలకుఁ జరిత్ర చెప్పుచు, అది యెంత ప్రాఁతవాదమో తెలిసికొంటిని. దానినే నేఁడు మీతో ముచ్చటింపఁ దలఁచినాను.

మనుధర్మశాస్త్రమున వ్యవహారపదములు పదునెనిమిది. అందు స్వామిపాలవివాద మొకటి. పశువుల యజమానునకును వానిని మేపువానికిని బుట్టు తగవు లన్నమాట. పగలు పశువులకుఁ గలుగు హానికిఁ గాఁపరి పూచీదారు. రాత్రి యజమానుని యింటఁ గట్టివేసియున్నచో యజమానుఁడే పూచీదారు. అజాగ్రత్తవలన గోతిఁబడి చచ్చినచో వెల కాఁపరి యీయవలెను. దొంగలు బలిమిఁ దోలుకొనిపోఁగా వెంటనే యెఱిఁగించెనేని వానిపైఁ దప్పులేదు. పశువు తనంతఁ దాను చచ్చినచో దాని చెవులు, తోలు, తోఁకవెండ్రుకలు మొదలగునవి తెచ్చి యజమానునకుఁ జూపవలెను. మా గురువు లీ భాగము పాఠము చెప్పునపుడు నాకు నవ్వు వచ్చినది. చచ్చినయావు తోఁకతో నెవనికేమి పని యనుకొంటిని. ఆ పని యేమో విజయనగర చరిత్ర చదివినపుడు తెలిసినది.

పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుఁడు నూనిజు 1535 మొదలు 1537 వఱకు విజయనగరమున నుండి తాను విన్నవియుఁ గన్నవియు వ్రాసిపెట్టెను. సాళువ నరసింహరాయలు (1485–1491) ఓర్ముజునుండి గుఱ్ఱములను దెప్పించునపుడు వేయి వరహాలకు మూఁడు చొప్పున బ్రదికినవానిని, చచ్చినవానిని గూడఁ గొనెనఁట. సముద్రముపైఁ జచ్చినదాని తోఁకమాత్రము చూపినఁ జాలును, ప్రాణముతో వచ్చినదానికి వలెనే వెల ముట్టెడిది! ఇది రాజు వెఱ్ఱి యనుకొందురేమో. కాదు. ఓడలో గుఱ్ఱము చచ్చిన నష్టము వర్తకునిదే యైనచో వర్తకుఁడు రాఁడు. వర్తకుఁడు రానిచో బహమనీల రావుతులకు రాయలు ఎదురుచెప్పలేఁడు. కావున నష్టమును తన బొక్కసముపై వేసికొనెను.

అచ్యుతరాయల కాలమున ఏఁటికి 13,000 గుఱ్ఱములు కొనఁబడుచుండెనని నూనిజే చెప్పుచున్నాఁడు. మేలైనవి రాజు పాగాకుఁ బోవును. వేయి వరహాలకుఁ బండ్రెండో పదునైదో వచ్చు నాటుగుఱ్ఱములు చాలవఱకు బంటులకు దొరకును. వానిపై రాజముద్ర కాల్చి వేసెడివారు. గుఱ్ఱము చచ్చినచో బంటు ఆ ముద్రయున్న తోలుముక్కను గోసి గుఱ్ఱముల యధికారికిఁ జూపవలెను. చూపినచో మఱియొక గుఱ్ఱము దొరకును. ధర్మశాస్త్రములోని తోలును తోఁకయు నిచటఁ జక్కఁగాఁ బనికివచ్చినవి. మనుమంచి భట్టు హయలక్షణశాస్త్రమును దెనిఁగించినది కూడ ఆ రాయల కాలపు వాతావరణముననే. గుఱ్ఱపు సుడులను, రంగులను అంత శ్రద్ధతోఁ జదివిన దేశమున గుఱ్ఱపు చావునకు లెక్క యుండుట వింతగాదు.

ఉత్తరమున మొగలాయీల పద్ధతి వేఱు. అక్బరు పాదుషాయును గుఱ్ఱములకు దాగు వేయించెను, అనఁగా ముద్ర కాల్పించెను. కాని పెక్కు గుఱ్ఱములు పాదుషావి కావు, రావుతులవి. గుఱ్ఱము గలవాఁడు సిలేదారు. తన గుఱ్ఱము లేక యితరుని గుఱ్ఱ మెక్కువాఁడు బారుగీరు. పారసీకమున బారుగీరనఁగా బరువు మోయునది. గుఱ్ఱమునకుఁ జెల్లవలసిన మాట మనిషికిఁ దగులుకొన్నది. బంగాళా దేశమును 1740ల మరాటీదండులు దోఁచునపుడు అచటివారు వారిని బర్గీలనిరి. ఆ మాటకు మూల మిదియే. మొగలాయీ సైన్యములను గూర్చి 1903లో గ్రంథము ప్రకటించిన విలియం అర్విను చెప్పినట్లు, జీతము గుఱ్ఱపు యజమానుని పేరనే వచ్చెడిది, ఎక్కినవానికి యజమానుఁడు తన యిష్టము వచ్చినంత యిచ్చెడివాఁడు. తల పోవు నపాయ మెక్కినవానిది, రూక యెక్కనివానిది. అక్బరు కాలమున నీమస్పా యను తరగతి కూడ నొకటి యుండెను. అర్ధాశ్వికుఁడని తెలుఁగు చేసికొందము. ఇద్దఱు బంటులకు గుఱ్ఱ మొక్కటి! మా జట్కా వారిద్దఱును నాకు జ్ఞప్తికి వచ్చెడిది ఇక్కడనే.

ఈ యేర్పాటున నొక పెద్ద చిక్కు గలదు. స్వంతగుఱ్ఱము గలవాఁడు యుద్ధమున గుఱ్ఱము పోయినచో బ్రదుకుఁదెరువు పోయినవాఁడే. కావున ఫిరంగి మ్రోఁగినచోట వాఁడు కళ్లెము వెనుకకు లాగును. అది పిఱికితన మని పలువురు వ్రాసిరి. నే నట్లనను. తన బిడ్డల యన్నము నాలుగు కాళ్లపై నిలుచియుండఁగా ముందుకు దూఁకువాఁ డెవఁడు?

శివాజీ మహారాజు ఈ చిక్కు నెఱిఁగినవాఁడు. ఆయన పాగాలో గుఱ్ఱములు సర్కారువి, ఎక్కు బారుగీరులు సర్కారు జీతగాండ్రు. సిలేదారులును ఉండిరిగాని వారు పాగా యదుపునకు లోఁబడి యుండవలెను. సభాసదుని బఖరును బట్టి చూడఁగా ఇరువదియైదుగురు బారుగీరులపై నొక హవల్దారు. ఆ యిరువదియైదు గుఱ్ఱములకు నీరుమోయువాఁ డొకఁడు, లాడములు కొట్టువాఁ డొకఁడు. వానకాలమునకు దండు స్వదేశమునకు మరలునప్పటికే దాణా, గడ్డి, మందులు, కప్పిన సాలలు సిద్ధముగా నుండవలెను. దసరా యైన పిదప బయలుదేఱునపుడు ప్రతివాని సొత్తునకును జాబితా వ్రాసి, మరలివచ్చినపుడు దానితో సరిచూచెడివారు. పరాయిగుఱ్ఱముపై నెక్కువానికి దానియందు మమకార ముండదని కొందఱందురు. ఉండకపోవచ్చును. అందుకే నీళ్లవానిని, లాడమువానిని ముందుగా నేర్పఱచిరి.

ఇంగ్లీషు కుంపిణీవారు సిలేదారీనే మరల నెత్తుకొనిరి. అది చవుక గదా! 1803లో స్కిన్నరు కూర్చిన రిసాలా మొదలు ఉత్తరమునఁ బెక్కు రిసాలాలు అట్టివే. చెన్నపురి రాజధానిలో మాత్రము గుఱ్ఱములు కుంపిణీవి. మన తెలుఁగువారికి సిలేదారీ రిసాలా కంటఁబడినది బొల్లారమున. హైదరాబాదు కంటింజెంటు రౌతులు సిలేదారులే. 1903లో ఆ రిసాలాలకుఁ గ్రొత్త పేళ్లు వచ్చినవి. ఇరువదియవ దక్కను హార్సు వానిలో నొకటి.

ఆ రిసాలాలలో ఒక గుఱ్ఱపు స్థానమునకు అసామి యని పేరు. మనమేమో భూమి గలవానిని, ఒక్కొక్కచో ఊరకే మనిషిని ఆసామి యందుము. మాట యొక్కటే, రిసాలాలో నది కొని యమ్ముకొను సొత్తు. నాలుగైదు అసాములు గల సిలేదారుఁడు ఒక గుఱ్ఱ మెక్కి, తక్కినవానిపై బారుగీరులను గూర్చుండఁబెట్టి వారి జీతములోఁ దన పాలు తీసికొనెడివాఁడు. 1857నకు ముందు బంగాళపు రిసాలాలలో రౌతు జీతము నెలకు 20 రూపాయలు. మనిషి తిండి, గుఱ్ఱపు దాణా, బట్ట, కత్తి అన్నియు అందులోనే. అది చాలక పటాలపు షావుకారునకు ఋణపడని రౌతు అరుదు.

ఈ చెడుగులోనుండియే యొక మంచి యేర్పాటు పుట్టినది. దానికిఁ జందా యని పేరు. ప్రతిరౌతును నెలనెలకుఁ గొంత పైకము గుఱ్ఱపు నిధిలో వేయును. ఎవని గుఱ్ఱము చచ్చినను క్రొత్తదాని వెల యా నిధినుండి వచ్చును. పనికిమాలిన గుఱ్ఱము నమ్మిన పైకము నిధికే చేరును. ఒకని నష్టమును అందఱును బంచుకొనిరి. అట్లే యిద్దఱు రౌతులకు సామాను మోయు తట్టువొకటి, గడ్డి కోయువాఁ డొకఁడు పొత్తు. ఆ యిద్దఱును దాణా ఖర్చు చెరిసగము భరింపవలెను. అక్బరు నాఁటి యర్ధాశ్వికులు ఈ తట్టువు రూపమున మూఁడువందలయేండ్లకు మరలఁ గానవచ్చిరి. ఇన్ని పద్ధతులలో నాకుఁ దగినదిగాఁ దోఁచినది చందాయే. కాని యందు నొక లోపము గలదు. వేసినది రౌతు, పొందినది గుఱ్ఱముగల యసామి. బారుగీరునకు నిధిలో నోరులేదు.

1914లో మొదలైన మహాయుద్ధము ఈ లెక్కల నన్నిటిని దాఱుమాఱు చేసెను. శాంతికాలమున నొకటి రెండు చచ్చుటకు సరిపోవు నిధి, సముద్రములు దాఁటి యుద్ధము చేయు రిసాలాకు గుఱ్ఱములను దెచ్చి యీయలేకపోయెను. 1921లో సైన్యమును మరల దిద్దునపుడు సిలేదారీని ఎత్తివేసి గుఱ్ఱములన్నియు సర్కారువే చేసిరి. నూనిజు చూచిన రాయల పద్ధతికే తిరిగివచ్చినట్లైనది.

ఇంతవఱకును యజమానుని మాటయు, ఎక్కువాని మాటయు. గుఱ్ఱపు మాట కౌటిల్యుఁడు చెప్పినాఁడు. యుద్ధమువలనఁ గాని, రోగమువలనఁ గాని, ముసలితనమువలనఁ గాని పనికిఁ జాలని గుఱ్ఱములకు ఊరకే తిండి పెట్టవలెనని అశ్వాధ్యక్షుని ప్రకరణమున వ్రాసెను. ఆ వాక్యము మొదటిసారి చదివిననాఁడు పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని. వంతెనమీఁద నాఁడు వాదము ముగియకమునుపే చీఁకటి పడినది. దారినిఁబోవు కూలి యొకఁడు బకెట్టుతో నీళ్లు తెచ్చి గుఱ్ఱపు మూతికడఁ బెట్టెను. అది త్రాగి, లేచి, తనంతటఁ దానే బండి యొద్దకు నడచి నిలిచినది. రాత్రివాఁడు పగ్గము లందుకొనెను. అప్పటికి వాని వంతు వచ్చినది.