చూపు, మెడ, నీరు: ఇబ్నుల్ హైసమ్ నుండి నల్లగొండ వరకు

నల్లగొండ జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ ముదిరిన వ్యక్తిని వెనుక నుండి ఎవరైనా పిలిస్తే, అతడు తల తిప్పి చూడలేడు. శరీరమంతటినీ తిప్పుకుని చూస్తాడు. నమాజు చివర సలామ్ చెప్పేటప్పుడు కుడికీ ఎడమకూ ముఖం తిప్పడం కూడా అటువంటివానికి కష్టమే. శక్తి మేరకు చేస్తే చాలునని ధర్మశాస్త్రం అతనికి వెసులుబాటు కల్పించింది. కాని అతడు పోగొట్టుకున్నదేమిటో పూర్తిగా తెలియాలంటే, చూడటమనే పనిని విద్వాంసులు ఎట్లా అర్థం చేసుకున్నారో పరిశీలించాలి.

క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ ఏడు భాగాల ‘కితాబుల్ మనాజిర్’లో ఈ విషయాన్ని చర్చించాడు. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయన్న పాత వాదాన్ని ఖండించి, వస్తువు నుండి వచ్చే వెలుగే కంటిలో ప్రవేశిస్తుందన్నాడు. కంటికి సూటిగా మధ్యరేఖపై ఉన్నదే అతి స్పష్టంగా కనిపిస్తుందనీ, కాబట్టి వస్తువును క్షుణ్ణంగా గ్రహించాలంటే కన్ను దాని ఒక్కొక్క భాగం మీదికి కదులుతూ పోవాలనీ వివరించాడు. ఈ గ్రంథానికి కమాలుద్దీన్ ఫారిసీ రాసిన వ్యాఖ్యానం ‘తన్‌ఖీహుల్ మనాజిర్’ను హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1928-30 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా ముద్రించింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు నిజాం రాజ్యంలోని జిల్లాలు.

కంటి కదలికను యంత్రాలతో కొలవడం చాలా ఆలస్యంగా మొదలైంది. చదివేవారి కన్ను పంక్తి వెంట జారిపోదనీ, గెంతుతూ ఆగుతూ సాగుతుందనీ 1879 ప్రాంతంలో పారిస్‌కు చెందిన ఎమీల్ జవాల్ తెలియజేశారు. ఒకే చిత్రపటాన్ని చూసే మనిషి చూపు, అడిగిన ప్రశ్నను బట్టి వేర్వేరు దారులు పడుతుందని సోవియట్ శాస్త్రజ్ఞుడు యార్బస్ 1965 నాటి తన గ్రంథంలో నిరూపించారు. అయితే ఆ ప్రయోగాల్లో తలను కదలకుండా బిగించేవారు. నిత్యజీవితంలో ఎవరూ అట్లా పనిచేయరు.

ఈ కొరతను ఇంగ్లండుకు చెందిన మైకేల్ లాండ్ తీర్చారు. తలకు ధరించే కెమెరాతో టీ కాచే మనుషుల చూపును నమోదుచేసి, ఆయనా సహచరులూ 1999లో ఫలితాలు ప్రకటించారు. చేయి ఒక వస్తువు మీద పని మొదలుపెట్టడానికి సుమారు అర సెకను ముందే చూపు అక్కడికి చేరుతున్నది. పనితో సంబంధం లేని వస్తువుల మీద చూపు పడటం చాలా అరుదు. దగ్గరి వస్తువుకు కన్ను ఒక్కటే కదిలితే చాలు. బాగా పక్కనున్న దానికి తల, ఆ పైన నడుము కూడా తోడు రావాలి.

పుట్టుకతోనే కళ్ళు కదలని ఒక యువతిని గురించి 1997లో గిల్‌క్రిస్ట్ బృందం వెల్లడించింది. ఆమె తల అచ్చం కన్ను గెంతినట్లే గెంతుతూ, ఆగుతూ చూపును నడిపించేది. కన్ను చేయలేని పనిని మెడ చేసింది.

నల్లగొండ రోగిది దీనికి సరిగ్గా విపర్యయం. అతని కళ్ళు కదులుతాయి, మెడ కదలదు. కన్ను ఎంత తిరిగినా దానికొక హద్దున్నది. ఆ పైన మెడ చేయవలసిన పని నడుము మీద పడుతుంది. నడుమూ బిగుసుకుంటే పాదాలే తిరగాలి. రోడ్డు దాటేటప్పుడైనా, పొలం గట్టున నడిచేటప్పుడైనా, చేతికంటే ముందు చూపు చేరవలసిన ఆ అర సెకను అతనికి సులువుగా దక్కదు.

‘తన్‌ఖీహ్’ ముద్రణ పూర్తయిన పాతికేళ్ళకు, 1955లో, డాక్టర్ ఏ.హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ ద్వారా ప్రపంచం దృష్టికి తెచ్చారు. గ్రానైటు రాతి నుండి భూగర్భజలంలో కలిసే ఫ్లోరైడు, ఆ నీటిని ఏళ్ళ తరబడి తాగినవారి వెన్నును, మెడను గట్టిపరుస్తుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ కొన్ని ప్రాంతాల నీటిలో ఈ దోషం బయటపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిని శుద్ధిచేసేందుకు నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ 1975 ప్రాంతంలో రూపొందించిన పద్ధతికి ‘నల్లగొండ విధానం’ అనే పేరు వచ్చింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం నదీజలాలను ఇళ్ళకు చేర్చే పని చేపట్టింది.

మంచినీరు పిల్లల మెడలను కాపాడగలదు. ఏనాడో బిగుసుకుపోయిన మెడను సడలించలేదు. స్పష్టంగా చూడాలంటే కదలిక కావాలని ఇబ్నుల్ హైసమ్ చెప్పి వెయ్యేళ్ళయింది. నల్లగొండలో ఆ కదలిక తాగే నీటి మీద ఆధారపడి ఉన్నది.