నోరు తిరగని పేర్లు - చరిత్ర చెప్పే సంగతులు

పేరు పెట్టేది కన్నవారు, పిలిచేది ఊరివారు. మన ఇళ్ళలో బిడ్డ పుడితే పెద్దలు కూర్చుని, అర్థం విచారించి మరీ పేరు నిర్ణయిస్తారు. ఆ పేరు వీధిలోకి వెళ్ళేసరికి ఒక రూపం, బడికి వెళ్ళేసరికి ఇంకో రూపం, కచేరీ కాగితం ఎక్కేసరికి మరో రూపం అవుతుంది. ఖాదర్ కాస్తా కాదరు అవుతాడు. మహబూబ్ సుభానీ మాబుసుభాని అవుతాడు. ఫకీరు పకీరైపోతాడు. ఇది కొందరికి నవ్వులాట, కొందరికి మనస్తాపం. అయితే ఇది ఈనాటి ముచ్చట కాదు. ఈ తెలుగు నేలమీద దీనికి నాలుగైదు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

మల్కిభరాముడు

గోలకొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా, రాజ్యానికి రాకముందు ఏడేళ్ళపాటు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. తెలుగు కవిత్వం మీద మక్కువ పెంచుకున్నాడు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఈ సుల్తానుకే అంకితం ఇచ్చాడు. మరి 'మాలిక్ ఇబ్రహీం' అన్న పేరు తెలుగు ఛందస్సులో ఇమడాలి కదా! మన కవులు ఆయన్ని 'మల్కిభరాముడు' చేశారు. ఇబ్రహీం పేరులో రాముడు వచ్చి కూర్చున్నాడు. సుల్తాను దీనికి కోపగించుకోలేదు సరికదా, కవులను పోషించాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్ కూడా 'అమీనుఖాను'గా పొన్నగంటి తెలగనార్యుని 'యయాతి చరిత్ర'కు కృతిభర్త అయ్యాడు. అచ్చతెనుగులో వచ్చిన మొదటి కావ్యం అదే. నోరు తిరగక మారిన పేరు కాదది. ప్రేమతో సొంతం చేసుకున్న పేరు.

మూసారాం, మూసా రహీం

హైదరాబాదులో మలక్‌పేట దగ్గర మూసారాంబాగ్ ఉంది. ఈ మూసారాం ఎవరో అక్కడ కాపురం ఉండేవారిలోనే చాలామందికి తెలీదు. రెండవ నిజాం అలీఖాన్ సైన్యంలో పనిచేసి 1798లో కన్నుమూసిన ఫ్రెంచి సేనాని రేమాన్ ఆయన. ఫ్రెంచివారు గౌరవంగా 'మొస్యూ రేమాన్' అనేవారు. ఆ మాట మన నోట పలకలేదు. హిందువులు మూసారాం అన్నారు, ముస్లిములు మూసా రహీం అన్నారు. ఎవరికి తెలిసిన పేరులోకి వారు ఆయన్ని మార్చుకున్నారు. పరదేశి సేనాని పేరు ఆ పేట పేరులో నేటికీ నిలిచింది.

తుర్రుంఖాన్

అన్ని పేర్లకూ అంత అదృష్టం పట్టలేదు. "నువ్వేమన్నా పెద్ద తుర్రుంఖాన్‌వా?" అని మన పిల్లలు కూడా ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. ఆ మాట వెనక ఒక మనిషి ఉన్నాడని చెబుతారు. ఆయన తుర్రెబాజ్ ఖాన్. 1857 జులై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి, జనాన్ని వెంటబెట్టుకుని హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి వెళ్ళిన వీరుడు. పట్టుబడ్డాడు, ఖైదునుంచి తప్పించుకున్నాడు. చివరకు 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర ప్రాణాలర్పించాడు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు. మనం ఆ వీరుని పేరు సరిగా పలకడం మరిచాం. తర్వాత మనిషినే మరిచాం. మిగిలింది ఒక ఎగతాళి మాట. పేరు చెడితే ఏం పోతుందిలే అనేవారు ఈ సంగతి ఆలోచించాలి.

నోరు ఎందుకు తిరగదు?

కారణం మనుషుల్లో లేదు, అక్షరాల్లో ఉంది. ఉర్దూలో 'సే, సీన్, స్వాద్' అని మూడు అక్షరాలకు మన నోట ఒకటే 'స'. 'జాల్, జే, జ్వాద్, జోయ్' అని నాలుగున్నా తెలుగులో రాస్తే అన్నీ 'జ'యే. నిజానికి తెలుగువారికి ఈ ధ్వనికి దగ్గరి ధ్వని ఒకటి ఉంది. జీతం అన్నప్పటి 'జ' వేరు, జొన్న అన్నప్పటి 'జ' వేరు. పాతకాలపు పుస్తకాల్లో ఈ రెండో దానికి నెత్తిన ఒక గుర్తు పెట్టి 'ౙ' అని చూపేవారు. రాతలో ఆ గుర్తు మానేశాం, తేడా కూడా పోయింది.

దీనివల్ల అర్థాలే తారుమారు అవుతాయి. జలీల్ అంటే ఘనుడు, మహిమాన్వితుడు. అందులోని 'జ'ను ఉర్దూ 'జాల్' లాగా పళ్ళ సందున పలికితే నీచుడు, అవమానం పాలైనవాడు అని అర్థం వస్తుంది. అరబీలో గొంతు అడుగునుంచి పలికే 'కల్బ్' హృదయం. మామూలు 'క'తో పలికితే కుక్క! తెలుగులో రెండూ ఒకే తీరుగా రాస్తాం.

అన్నీ తెలుగువారి తప్పులే అనుకోవడమూ న్యాయం కాదు. గొంతు అడుగునుంచి పలికే అక్షరాన్ని మన దక్కనీలో 'ఖ' చేసేశాం. కరీబ్ (దగ్గర)ను ఖరీబ్ అంటాం. ఆ అక్షరం పేరే మన నోట 'ఖాఫ్' అయింది. తెలుగులో ఖాజీ, ఖురాన్ అని రాసే అలవాటు ఈ దక్కనీ ఉచ్చారణకు సరిపోతుంది. అలాగే తెలుగు 'ళ, ణ'లకు ఉర్దూలో అక్షరాలు లేవు. కాళోజీని కాలోజీ అనేవారు మనలో లేరా? ఓరుగల్లు వరంగల్ కాలేదా?

కాగితాల్లో చిక్కు

జిల్లా, వకీలు, దస్తావేజు, ఖరారు, రైతు, కాగితం. ఈ మాటలు అరబీ, పారసీల నుంచి వచ్చాయని ఇప్పుడెవరికీ గుర్తు లేదు. అలాంటి కచేరీ మాటల కోసమే సి.పి. బ్రౌన్ దొర 1852లో 'జిల్లా డిక్షనరీ' వేయవలసి వచ్చింది. మాట మారితే నష్టం లేదు, భాష పెరుగుతుంది. మనిషి పేరు మారితే మాత్రం చిక్కే.

ఒకే ఇంట్లో తండ్రి మహమ్మద్, కొడుకు మొహమ్మద్, మనవడు 'ఎం.డి.' అయితే రేపు వారసత్వం రుజువు చేయాలన్నప్పుడు ఏ కాగితం చూపాలి? షేక్ 'ఎస్.కె.' అయింది. సయ్యద్ 'ఎస్.డి.' అయింది. అబ్దుర్రహ్మాన్ అంటే కరుణామయుని దాసుడు. రెండు ముక్కలు చేసి ఉత్త 'అబ్దుల్' అని పిలిస్తే 'దాసుడు' అని మాత్రం మిగులుతుంది, ఎవరి దాసుడో తెలీదు. స్కాలర్‌షిప్పు, పాస్‌పోర్టు, పింఛను, పొలం పట్టా వీటన్నిటిలో అక్షరం తేడా వస్తే కాళ్ళరిగేలా తిరగవలసినవారు పేదవారే.

కనుక సభ్యులకు, ముఖ్యంగా తల్లులకు మా మనవి ఇది. బిడ్డను బడిలో వేసేనాడే పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. రిజిస్టరులో ఎక్కిన తర్వాత ఒకసారి చదివించుకుని వినండి. అన్ని కాగితాల్లోనూ అదే రూపం ఉండేలా చూడండి. బిడ్డకు పేరుతోపాటు దాని అర్థం కూడా నేర్పండి. పొరుగువారు తప్పు పలికితే చిన్నబుచ్చుకోకుండా ఓపికగా ఒకసారి పలికి చూపండి. వారి 'ళ'ను మనమూ అంతే శ్రద్ధగా నేర్చుకుందాం.

ఇబ్రహీం మల్కిభరాముడైనా గౌరవం తగ్గలేదు. తుర్రెబాజ్ ఖాన్ తుర్రుంఖాన్ అయితే ఒక వీరుణ్ణే పోగొట్టుకున్నాం. పిలిచే నోట్లో ప్రేమ ఉందా, నిర్లక్ష్యం ఉందా అన్నదే అసలు తేడా.