చీలమండనుండి మోకాటికి

మంచుకొండలమీద స్కీ ఆడి దెబ్బతిన్నవారి చరిత్రను వరుసగా పరిశీలించినచో ఒక వింత కనబడును. 1930 ప్రాంతములలో ఆ ఆటగాండ్రు ఎక్కువగా చీలమండలు విరుగగొట్టుకొని వైద్యుని చేరుచుండిరి. 1960 ప్రాంతములకు విరుగునది మోకాటి దిగువనున్న పెద్ద ఎముక అయ్యెను. 1980 తరువాత ఎముకలు చాలవరకు క్షేమముగానే ఉన్నవి గాని మోకాలు చెడుచున్నది. అనగా అర్ధశతాబ్దములో దెబ్బ పాదమునుండి అంచెలంచెలుగా పైకి ఎక్కినది. మంచు మారలేదు, కొండ మారలేదు, మనుష్యుని కాలు అంతకన్నను మారలేదు. కాలిని పలకకు బిగించు విధము మాత్రము మారుచు వచ్చినది. స్కీ ఆడి వచ్చినవారి మోకాటినొప్పికి మూలము వెదుకవలెనన్న ఈ బిగింపు కథనే చెప్పుకొనవలెను.

స్కీ యనగా మంచుపై జారుటకు కాళ్లకు కట్టుకొను పొడవైన సన్నని పలక. దీనిని మనుష్యుడు వినోదమునకు కనిపెట్టలేదు. ఉత్తరదేశములలో ఏటికి చాల నెలలు నేల మంచుక్రింద దాగియుండును. అడుగు వేసినచో కాలు దిగబడిపోవును. వేటకైనను, పొరుగూరికైనను పోవలెనన్నచో శరీరభారమును వెడల్పుగా పరచు సాధనమేదైన ఉండవలెను. నార్వేలోని రోడోయ్ అనుచోట రాతిపై చెక్కిన స్కీ మనిషి బొమ్మకు సుమారు నాలుగువేల యేండ్ల వయస్సు ఉండునని పండితులు లెక్కకట్టిరి. చిరకాలము ఆ పలకలను కాలికి నిలిపినది ముఖ్యముగా వ్రేళ్లవద్ద నుండు తోలువారే. మడమ స్వేచ్ఛగా లేచుచుండెడిది. పడినప్పుడు పలక ఊడి ప్రక్కకు పోవుటయు, మనిషి మంచు దులుపుకొని లేచుటయు సాధారణము. దెబ్బలు తగులలేదని కాదు. కాలిని మెలిత్రిప్పుటకు కావలసినంత పట్టు ఆ పలకకు లేకుండెను.

ఆ పట్టును పెంచినవారిలో కీర్తిగాంచినవాడు సోంద్రే నోర్‌హైమ్. ఇతడు నార్వేలోని టెలిమార్క్ ప్రాంతమున, మోర్గెడాల్ అను పల్లెలో 1825లో పుట్టెను. సొంత భూమి లేని పేదవాడు. స్కీ యనిన ప్రాణము. మెలివేసిన లేతకొమ్మలను మడమచుట్టును త్రిప్పి కట్టి, పలకను కాలితోపాటు తిరుగునట్లు చేసికొనెను. దానితో ఎగిరి దుముకుటయు, కొండవాలున వంపుగా మలుపు తిరుగుటయు సాధ్యమైనవి. 1868లో, నలువది రెండేండ్ల వయస్సున, రాజధాని క్రిస్టియానియాకు వచ్చి పోటీలో గెలిచినప్పుడు నగరవాసులు విస్తుపోయిరి. ఆ నగరమే నేటి ఓస్లో. అతని ప్రాంతపు పేరే ఒక మలుపునకు నేటికిని నిలిచియున్నది. కడపటి దినములలో ఆ మహానుభావుడు అమెరికాకు వలసపోయి, 1897లో చదునైన ఉత్తర డకోటా నేలలో కన్నుమూసెను. కొండవాలు కొరకే పుట్టినట్టివానికి మైదానము దక్కుట విధి విలాసము!

నోర్‌హైమ్ కట్టు బిగువైనదే కాని పచ్చికొమ్మ గనుక కొంత సాగును, కొంత వంగును. మడమ లేచును. అసలు చిక్కు ఆల్ప్స్ పర్వతములలో మొదలయ్యెను. 1888లో నాన్‌సెన్ స్కీలపై గ్రీన్లండును అడ్డముగా దాటిన వార్త యూరపు అంతట ప్రాకగా, మధ్యయూరపు యువకులకు ఈ ఆటపై మోజు కలిగెను. కాని ఆల్ప్స్ వాలులు నార్వే వాలులకన్న నిటారైనవి. అచట మలుపు చప్పున తిరుగక తప్పదు. అందులకు పలకపై మరింత అధికారము కావలెను. ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్ వాసియైన మత్తియాస్ జడార్‌స్కీ లోహపు కట్టును అమర్చి, 1896 ప్రాంతమున తన పద్ధతిని గ్రంథస్థము చేసెను. తరువాత సెంట్ ఆంటన్‌లో హన్నెస్ ష్నైడర్ వేలాదిమందికి వంగి జారు విద్యను నేర్పెను. 1930 నాటికి ఉక్కుతీగను మడమచుట్టును త్రిప్పి, ప్రక్కనున్న కొక్కెములతో మడమను పలకకు అదిమిపట్టు కట్టు వచ్చినది. దానిని రూపొందించినవాడు స్విట్జర్లండుకు చెందిన గీదో ర్యూజ్. దాని పేరు కాందహార్.

ఈ పేరు మంచుకొండలకు ఎట్లు చేరెనను సందేహము మనకు కలుగక మానదు. కాన్పూరులో పుట్టి, 1880లో కాబూలునుండి కాందహారుకు సైన్యమును నడిపించిన రాబర్ట్స్ అను ఆంగ్ల సేనాని ప్రభువైనప్పుడు ఆ నగరము పేరును తన బిరుదులో చేర్చుకొనెను. 1911లో స్విట్జర్లండున జరిగిన స్కీ పందెమునకు అతని పేర ఒక కప్పు ఏర్పడినది. ఆ కప్పునుండి ఒక క్లబ్బుకు, ఆ పందెములనుండి ఉక్కుతీగ కట్టుకు పేరు ప్రాకినది. అఫ్గనిస్తానపు ఎడారి నగరము పేరు చెప్పి ఆల్ప్స్‌లో ఎందరి చీలమండలో విరిగినవి.

ఏల విరిగినవన్నది గడ్డపార ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పొడవైన గడ్డపారతో ఎంత పెద్దరాయినైనను పెకలింపవచ్చును. రెండు మీటర్ల పలక కాలికి బిగిసియున్నప్పుడు ఆ పలక గడ్డపార, కాలు రాయి. పలకకొన మంచులో చిక్కుకొని, మనిషి ముందుకు పోవుచుండగా, ఆ కొనవద్ద కలిగిన కొద్దిపాటి బలము కాలివద్దకు వచ్చుసరికి అనేకరెట్లు పెరుగును. ఎక్కడ బలహీనమో అక్కడ విరుగును. ఆనాటి తోలుబూట్లు పొట్టివి, మెత్తనివి. కావున చీలమండ విరుగుచుండెను.

పలక కాలిని పట్టుకొనవలెను, ప్రమాదమున విడిచిపెట్టవలెను. ఈ రెండును ఒకే పరికరము చేయవలెనను ఆలోచన ఒక క్షతగాత్రునికే తట్టెను. హియాల్మర్ హ్వామ్ నార్వేలో పుట్టి అమెరికాలోని పోర్ట్‌లండు నగరమున స్థిరపడిన మేటి ఆటగాడు. 1937లో మౌంట్ హుడ్ పర్వతముపై అతని కాలు విరిగెను. వైద్యశాలలో పడకపైనున్నప్పుడే బూటుకొన బలముగా మెలిపడినచో దానంతట ఊడిపోవు కట్టును ఊహించి, 1939లో దానికి పేటెంటు పొందెను. లోకము వెంటనే దానిని నెత్తికెత్తుకొనలేదు. వేగముగా పోవునప్పుడు పలక అకారణముగా ఊడినచో మరింత ప్రమాదమని ఆటగాండ్రు భయపడిరి. ఆ భయము నిరాధారమైనది కాదు. 1950 తరువాత ఫ్రాన్సులో జాఁ బేల్, జర్మనీలో హన్నెస్ మార్కర్ మొదలైనవారు నమ్మదగిన కట్టులను తయారుచేసిన పిమ్మటనే ఇవి వ్యాపించినవి.

ఇంతలో బూట్లు మారినవి. 1960-70 నడుమ బాబ్ లాంగే మొదలైనవారు ప్లాస్టిక్ బూట్లను తెచ్చిరి. అవి పొడవైనవి, గట్టివి, పిక్కవరకు కాలిని ఇనుపతొడుగువలె పట్టియుంచునవి. చీలమండ సురక్షితమైనది. దెబ్బ చావలేదు. బూటు అంచు ఎక్కడ ముగిసినదో సరిగా అక్కడికి ఎక్కెను. బూటు పైఅంచున ముంగాలి ఎముక విరుగుట వైద్యులకు నిత్యకృత్యమయ్యెను. అప్పుడు కట్టులను ఆటగాని బరువును, వయస్సును, నేర్పును బట్టి బిగించు లెక్కలు ఏర్పడినవి. ముంగాలి ఎముకలు విరుగుట బాగుగా తగ్గెను. ఇంజనీర్లు సంతోషించుటకు తగిన కారణమే ఉండెను.

వారి సంతోషమును ముగ్గురు మనుష్యుల లెక్కపుస్తకము తగ్గించెను. అస్థివైద్యుడు రాబర్ట్ జాన్సన్, పరికరములు తెలిసిన కార్ల్ ఎట్లింగర్, ఆచార్యుడు జాస్పర్ షీలీ కలిసి, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున ఒకే స్కీ కొండవద్ద 1972లో పరిశీలన ప్రారంభించిరి. దెబ్బతిన్న ప్రతివానిని పరీక్షించి, అతని బూటును, కట్టును, పలకను కొలిచి వ్రాసికొనిరి. ఏండ్లతరబడి సాగిన ఆ ఓపికకు ఫలితముగా ముంగాలి దెబ్బలు క్షీణించుట స్పష్టమయ్యెను. కాని అదేకాలమున, 1990 తరువాతి తొలియేండ్లకు, తీవ్రమైన మోకాటి బెణుకులు సుమారు మూడింతలైనవి. ఎముకను కాపాడిన పరికరము మోకాటిని కాపాడలేకపోయినది.

మోకాలు మన దేహములోని పెద్ద కీలు. తొడ ఎముక గుండ్రని కొనలతో ముంగాలి ఎముక చదునైన తలపై కూర్చుండును. వాటి అమరికలో గట్టిగా పట్టుకొను గుంట ఏదియు లేదు. దానిని నిలుపునవి పేటత్రాళ్ల వంటి బంధనములు. వీనినే వైద్యులు లిగమెంట్లు అందురు. ఇరుప్రక్కల రెండు, కీలులోపల కత్తెరవలె ఒకదానినొకటి దాటు రెండు. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ లోపలి ఈ జతను ఎరుగును. ఆ జతలో ముందరిది స్కీ ఆటగానికి గండము. కట్టులు సామాన్యముగా ముందు ప్రక్కకును, మడమవద్ద పైకిని విడుచును. అవి ఎరుగునది ముంగాలిపై పడు బలమును. మోకాలు లోతుగా వంగియున్నప్పుడు ఎముక విరుగనంత బలమునకే ఈ బంధనము తెగిపోవచ్చును. ఆ సంగతి కట్టునకు తెలియదు.

వెర్మాంట్ బృందము చలనచిత్రములను మరల మరల చూచి ఆ తెగు క్షణమును పట్టుకొనెను. ఆటగాడు తూలి వెనుకకు కూర్చుండిపోవును. నడుము మోకాళ్లకన్న క్రిందికి దిగును. పైచేయి వెనుకకు పోవును. భారమంతయు దిగువకాలి పలక వెనుకకొన లోపలి అంచుపై పడును. మడమ వెనుక పొడుచుకొనియున్న ఆ పలకతోక వేరొక పాదమువలె కాలిని లోనికి త్రిప్పును. దానికి వారు పెట్టిన పేరును మాయపాదము అని తెలుగు చేయవచ్చును. ఇందు చిత్రమేమనగా, చాలమంది పడుటవలన గాక, పడకుండుటకై పెనుగులాడుటవలన మోకాలు పోగొట్టుకొనుచుండిరి.

కావున వారు కొత్త కట్టును తయారుచేయలేదు, పడుట నేర్పిరి. 1993-94 శీతకాలమున ఇరువది స్కీ కేంద్రముల రక్షకభటులకును బోధకులకును ఆ చిత్రములు చూపి, చేతులు ముందుకు, పాదములు దగ్గరగా ఉంచవలెననియు, పడుట తప్పదని తెలిసినప్పుడు కాళ్లు చాపరాదనియు, జారుట ఆగువరకు లేవ ప్రయత్నింపరాదనియు చెప్పిరి. ఆ శిక్షణ పొందినవారిలో తీవ్రమైన మోకాటి బెణుకులు అంతకుముందు రెండేండ్లతో పోల్చగా నూటికి 62 వంతున తగ్గెను. శిక్షణ ఈయని కేంద్రములలో అట్టి తగ్గుదల కనబడలేదు. నా మట్టుకు, ఈ చరిత్రలో ప్లాస్టిక్ బూటుకన్న, స్ప్రింగు కట్టుకన్న గొప్ప ఘట్టము ఇదే.

మన దేశమునకును ఈ కథతో కొంత సంబంధము కలదు. గుల్మార్గులో 1927లోనే స్కీ క్లబ్బు ఏర్పడినది. నేడు అచటికి, ఔలీకి విహారమునకు పోవువారు అద్దె బూట్లు కట్టుకొని ఒకటిరెండు దినములు జారుట పరిపాటి. అద్దెకిచ్చువాడు బరువు, వయస్సు, అనుభవము అడిగినప్పుడు మొగమాటమున బరువు తగ్గించి, గొప్పకు నేర్పు పెంచి చెప్పువారున్నారు. వాడు ఆ లెక్కప్రకారమే కట్టు బిగించును. నేర్పు పెంచి చెప్పినవాని కట్టు ఊడవలసినప్పుడు ఊడదు.

ఇంటికి వచ్చిన పిమ్మట నొప్పి యున్నచో అది ఎట్టిదో చూచుకొనవలెను. పడినప్పుడు లోపల ఫట్టుమని శబ్దమై, కొన్ని గంటలలోనే మోకాలు ఉబ్బినచో కీలులో నెత్తురు చేరినదని అనుమానింపవలెను. అట్టివాడు ఆ కాలిపై మరల జారరాదు, నడచి చూతమని తెగింపరాదు, వైద్యుని చూడవలెను. పలకలను ముందు దగ్గరచేసి వెనుక ఎడముగా ఉంచి వేగము తగ్గించు నూతన విద్యార్థులకు మోకాటి లోపలిప్రక్క బెణుకుట మామూలు. ఆ బంధనము కట్టుపట్టీతో, ఓపికతో, సామాన్యముగా శస్త్రము లేకయే మానును. ఏ దెబ్బయు లేక, రెండవ మూడవ దినమున చిప్పచుట్టు సలుపు పుట్టి, మెట్లు దిగునప్పుడు హెచ్చినచో అది తరచు తొడకండరముల అలసట. గుడ్డలో చుట్టిన మంచుగడ్డ, విశ్రాంతి, పిమ్మట క్రమముగా వ్యాయామము చాలును. ప్రయాణమునకు ఆరేడు వారములు ముందుగా గుంజిళ్లు తీసినవారికి ఈ బాధ తక్కువ.

తెగిన లోపలి బంధనమునకు చికిత్స చరిత్ర స్కీ ఆటగానితో ఆరంభము కాలేదు. 1895లో లీడ్స్ నగరమున మేయో రాబ్సన్ గనికూలి ఒకని మోకాటిలో తెగిన జతను కుట్టెను. ఆరేండ్ల పిమ్మట ఆ కూలివాడు పనిచేసికొనుచుండెను. 1917లో బ్రిస్టల్ వైద్యుడు హే గ్రోవ్స్ తొడనుండి తీసిన పట్టీతో కొత్త బంధనమును అల్లెను. 1918లో టోకియోలో కెంజీ తకాగీ చిన్న దర్శినిని మోకాటిలోనికి పంపి చూచెను. క్షయవ్యాధిచే మోకాలు బిగుసుకొనిపోయినచో నేలపై కూర్చుండు జపాను వారికి అది ఎంత పెద్ద లోపమో నేలపై కూర్చుండు మనకు చెప్పనక్కరలేదు. అతని మార్గముననే మసాకీ వతనాబే 1962లో ఆ దర్శినితో మోకాటిలోపల చిరిగిన మృదులాస్థి భాగమును తొలగించెను. పెద్దకోత లేని నేటి శస్త్రచికిత్స అందుండియే పెరిగినది.

తెగిన ప్రతి బంధనమును శస్త్రముతో సరిచేయవలెనా యన్న ప్రశ్న మిగిలినది. స్వీడనులో 121 మంది యువజనులపై జరిగిన పరిశోధన 2010లో ప్రకటింపబడెను. సగముమందికి వెంటనే శస్త్రము చేసిరి. మిగిలినవారికి మొదట వ్యాయామము నేర్పి, అవసరమైనచోనే శస్త్రము చేసిరి. రెండేండ్ల పిమ్మట ఇరుపక్షముల మోకాళ్లు ఇంచుమించు సమానముగా ఉండెను. అయిదేండ్లు గడచిన పిమ్మటను వ్యాయామముతో ఆరంభించిన పక్షములో దాదాపు సగముమంది కత్తి అక్కరలేకయే నడచుచుండిరి.