వాహన వ్యాజ్యాలలో పత్రాల వెల్లడి

కొత్త వాహనం లోపభూయిష్టమని ఫిర్యాదు చేసే వినియోగదారుని చేతిలో, ఆ లోపాన్ని నిరూపించే కాగితాలు సాధారణంగా ఉండవు. అమ్మకానికి ముందు జరిపిన తనిఖీ నివేదిక, జాబ్ కార్డుల అసలు ప్రతులు, వారంటీ కింద మార్చిన భాగాల వివరాలు డీలరు వద్దనో తయారీ సంస్థ వద్దనో ఉంటాయి. వాటిని ఎవరు, ఏ దశలో బయటపెట్టాలన్నదే వివాదం.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చేసిన చట్టం, ఇటువంటి వ్యాజ్యాలలో ఉభయ పక్షాలూ ఆరంభంలోనే పత్రాలు ఇచ్చిపుచ్చుకోవాలని విధించింది. 2025 సవరణతో అది సమ్మతించిన తయారీ సంస్థలకే పరిమితమైంది. మన దేశంలో 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం కింద, వ్యాపార దావాలలో తమకు ప్రతికూలమైన పత్రాలను సైతం తొలుతనే చూపాలి. వినియోగదారుల కమిషన్లకు ఆ నియమం లేదు. సామాన్యునికి మిక్కిలి అవసరమైన చోటనే లేకపోవడం విచారకరం.

ఉన్న ఆధారమల్లా 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 38వ సెక్షన్. పత్రాలను దాఖలు చేయించడంలో సివిల్ కోర్టుకు గల అధికారాన్ని అది కమిషన్‌కు ఇచ్చింది. అయితే ఫిర్యాదుదారు ప్రత్యేకంగా కోరుకోవాలి. “మీ వద్దనున్న కాగితాలన్నీ” అని వ్రాస్తే అభ్యంతరాలు వస్తాయి. ఛాసిస్ నంబరు, సర్వీసు తేదీలు పేర్కొనడం మేలు. వ్యాపార రహస్యమనీ, కేసుతో సంబంధం లేదనీ, పాత రికార్డు భద్రపరచలేదనీ జవాబులు రావచ్చు. ఈ చివరి మాట కారణంగానే ఆలస్యం ప్రమాదకరం. ఆదేశించినా పత్రం దాచిన పక్షానికి అది ప్రతికూలమైనదని న్యాయస్థానం భావించవచ్చుననే సూత్రం సాక్ష్య చట్టంలో చిరకాలంగా ఉంది.

ఎదుటి పక్షం జవాబుకు 30 రోజులు, అనుమతిస్తే మరి 15 రోజులు గడువు. అంతకు మించి పొడిగించరాదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఈ గడువు జవాబుకే గాని పత్రాలకు కాదు; పలువురు ఇక్కడ పొరబడుతుంటారు.

గోవాలో 2011 మోడల్ కారుకు సొమ్ము కట్టిన వ్యక్తికి డీలరు 2009 మోడల్ కారు అంటగట్టాడు. డీలరు చేసిన పని తయారీ సంస్థకు తెలుసునని రుజువు కానందున ఆ సంస్థకు బాధ్యత లేదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరికి ఏమి తెలుసో చెప్పేవి వారి మధ్య నడిచిన కాగితాలే.

సరిహద్దు కుటుంబాలకు 2019 చట్టం మేలే చేసింది. నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. బరంపురంలో ఆటో కొన్న ఇచ్ఛాపురం వాసి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌కు, విశాఖపట్నంలో మోటారు సైకిలు కొన్న గంజాం వాసి బరంపురంలోని జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. జీవనోపాధికై స్వయంగా నడుపుకొనే ఆటో యజమాని కూడా వినియోగదారుడే. చెల్లించిన వెల 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు.

వాహనం తీసుకొనేటప్పుడు ఫారం 21 అనే విక్రయ ధ్రువపత్రంలో తయారైన నెల, సంవత్సరం సరిచూడాలి. మరమ్మతుకు ఇచ్చిన ప్రతిసారీ లోపాన్ని, తిరిగిన కిలోమీటర్లను జాబ్ కార్డులో వ్రాయించి నకలు తీసుకోవాలి. అది ఒడియాలో ఉండి చదవడం రాకపోతే, చదివించుకొన్న తరువాతనే సంతకం చేయాలి. ఫిర్యాదుకు గడువు, వివాద కారణం తలెత్తిన నాటి నుండి రెండేళ్ళు.