ఒకటింబావు నుంచి రెట్టింపు దాకా

1881లో మన దేశానికి వచ్చిన తొలి ఫ్యాక్టరీ చట్టంలో పిల్లల ప్రస్తావన ఉంది. ఏడేళ్లు నిండనివారిని పనిలో పెట్టకూడదు, పన్నెండేళ్ల లోపువారితో రోజుకు 9 గంటలకు మించి చేయించకూడదు. పెద్దవాళ్ల పనిగంటల గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు. మామూలు పని ఎన్ని గంటలో చట్టమే చెప్పనప్పుడు అదనపు పని అన్న మాటకు చోటెక్కడ? ఆ కాస్త చట్టం వెనకైనా కూలీల మీద జాలి ఒక్కటే లేదు. చౌక శ్రమతో బొంబాయి మిల్లులు పోటీకి వస్తున్నాయని లాంకషైర్ మిల్లు యజమానులు లండన్‌లో పెట్టిన గోల కూడా ఉంది.

బొంబాయి కార్మికులకు గొంతు ఇచ్చినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. 1884లో వేల మంది సంతకాలతో అర్జీ పెట్టించాడు. 1890లో మిల్లులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నాయి. పెద్దవాళ్ల గంటల లెక్క మాత్రం తేలలేదు.

అంతలో కరెంటు దీపం వచ్చింది. దీపాలు లేని రోజుల్లో మిల్లుకు పొద్దు గుంకడమే హద్దు. బల్బులు వెలిగాక ఆ హద్దూ పోయింది. 1905 ప్రాంతంలో, స్వదేశీ బట్టకు గిరాకీ పెరిగిన రోజుల్లోనే, కొన్ని మిల్లులు 14, 15 గంటలు నడిచాయి. దేశభక్తితో కొన్న ధోవతి వెనక ఎన్ని గంటల నిద్ర పోయిందో కొన్నవారికి తట్టి ఉండదు. ప్రభుత్వం ఒక కమిటీని, తర్వాత ఒక కమిషన్‌ను వేసి, చివరికి 1911 చట్టంలో బట్టల మిల్లుల మగ కార్మికులకు రోజుకు 12 గంటల హద్దు పెట్టింది.

హద్దు దాటితే ఎక్కువ కూలి ఇవ్వాలన్న షరతు ఓడెక్కి వచ్చింది. 1919లో వాషింగ్టన్‌లో తొలి అంతర్జాతీయ కార్మిక మహాసభ జరిగింది. భారత కార్మికుల తరఫున ఎన్.ఎం. జోషి వెళ్లాడు, సలహాదారుగా మద్రాసు లేబర్ యూనియన్ నేత బి.పి. వాడియా వెళ్లాడు. సభ వారానికి 48 గంటలని తీర్మానించింది. ఇండియాకు మాత్రం మినహాయింపు ఇచ్చి 60 గంటలంది. ఆ ఒప్పందంలోనే అదనపు గంటకు మామూలు రేటుకు కనీసం ఒకటింబావు రెట్లు ఇవ్వాలన్న నియమం ఉంది. దాన్ని 1922 ఫ్యాక్టరీ చట్టం మనదాకా తెచ్చింది. 1934 చట్టం వారానికి 60 గంటలు దాటిన పనికి రేటును ఒకటిన్నర చేసింది. అయితే అదే చట్టం సీజన్ ఫ్యాక్టరీలకు వేరే గంటలు పెట్టింది. ఆ జాబితాలో పత్తి జిన్నింగ్, వేరుశనగ కాయ ఒలిచే మిల్లులూ ఉన్నాయి. అంటే గుంటూరు, ఆదోని వైపు కూలీల్లో చాలామంది, ఏడాదంతా నడిచే మిల్లుల వారికంటే ఎక్కువసేపు పనిచేసినా చట్టం లోపలే ఉన్నట్టు.

రెట్టింపు 1946లో వచ్చింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న అంబేడ్కర్ తెచ్చిన సవరణ వారాన్ని 48 గంటలకు, రోజును 9 గంటలకు దించి, ఆపైన ప్రతి గంటకూ రెండింతలు ఇవ్వాలంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ దాన్నే కొనసాగించింది. దీన్ని కార్మికుడికి బహుమానమని చదివితే సగమే అర్థమవుతుంది. అదనపు గంట యజమానికి ఖరీదు కావాలి, అప్పుడే ఉన్నవారిని పిండే బదులు ఇంకొకరిని పనిలో పెట్టుకుంటాడు. చట్టం లెక్క అది.

దేనిపై రెండింతలన్నదీ ముఖ్యమే. మూలవేతనంతో పాటు అలవెన్సులు, చౌకగా ఇచ్చే తిండిగింజల నగదు విలువ కూడా కలపాలని ఆ సెక్షన్ చెప్పింది. రేషన్ కార్డుల కాలంలో రాసిన చట్టం కదా! బోనస్‌ను మాత్రం కలపలేదు.

2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వం కరోనా పేరు చెప్పి ఫ్యాక్టరీల్లో రోజుకు 12, వారానికి 72 గంటలు చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. రెట్టింపు అక్కర్లేదంది. 8 గంటలకు 80 రూపాయలైతే 12 గంటలకు 120 అని ఉదాహరణ కూడా రాసింది. ఆ లెక్కన వారానికి 720 రూపాయలు. 59వ సెక్షన్ ప్రకారం 48 గంటలకు 480, మిగతా 24 గంటలకు మరో 480, మొత్తం 960 రావాలి. గుజరాత్ మజ్దూర్ సభ సుప్రీంకోర్టుకు వెళ్లింది. దేశ భద్రతకు ముప్పు వచ్చినప్పుడు వాడాల్సిన అధికారాన్ని ఇలా వాడకూడదంటూ జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం అక్టోబర్ 1న ఉత్తర్వును కొట్టేసి, ఆ నెలల్లో పనిచేసినవారికి ఓవర్‌టైమ్ (ఓటీ) కూలి చెల్లించమంది.

ఆ తర్వాత రాష్ట్రాలు రెట్టింపు జోలికి పోవడం మాని గంటల వైపు మళ్లాయి. మూడు నెలల్లో 50 గంటలకు మించి ఓటీ చేయించకూడదన్నది 1948 చట్టం పెట్టిన మామూలు పరిమితి. 2025లో తెలంగాణ వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల పనిని అనుమతిస్తూ, ఓటీని మూడు నెలలకు 144 గంటల దాకా పెంచింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఫ్యాక్టరీల పరిమితిని 75 నుంచి 144కే చేర్చింది. అదే ఏడాది నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కేంద్ర లేబర్ కోడ్‌లు రెట్టింపును ఉంచి, కార్మికుడి సమ్మతి లేకుండా ఓటీ చేయించకూడదన్నాయి. రేపు పనిలో ఉంచుతారో లేదో తెలియని కాంట్రాక్టు కుర్రాడు సూపర్‌వైజర్ ముందు ఆ సమ్మతిని ఎలా నిరాకరిస్తాడో కోడ్‌లో రాయలేదు.