సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు తొడుక్కునే విద్యుత్ చికిత్స

చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి, సన్నని విద్యుత్ స్పందనలతో నరాలను, కండరాలను కదిలించే లేదా సడలించే చికిత్స ఇది. యంత్రం బల్ల మీద ఉంటే ఫిజియోథెరపీ గదిలోనే చేయించుకోవాలి. అదే మోకాలి కింద కట్టే పట్టీలోనో, ఒంటికి పట్టినట్టుండే దుస్తుల్లోనో ఇమిడితే పిల్లలు దాన్ని తొడుక్కుని బడికి వెళ్లవచ్చు, వాకిట్లో ఆడుకోవచ్చు. జనం నోట ‘కరెంటు పెట్టడం’గా నలిగిన ఈ పద్ధతి ఆసుపత్రి దాటి ఇంటికి రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి పట్టణాలకు ఈ చరిత్రలో అన్నిటికన్నా అవసరమైన భాగం అదే.

సెరిబ్రల్ పాల్సీ అంటే ఎదుగుతున్న మెదడుకు కాన్పుకు ముందో, కాన్పులోనో, పుట్టిన కొద్దికాలానికో తగిలిన దెబ్బ వల్ల కదలికలు, భంగిమ అదుపు తప్పడం. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పసికందులో కామెర్లు బాగా ముదరడం, మెదడుకు సోకే ఇన్ఫెక్షన్లు దీనికి ముఖ్య కారణాలు. దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2019లో వెయ్యి మంది పిల్లల్లో దాదాపు ముగ్గురికి ఇది ఉందని అంచనా వేసింది. మెదడులోని దెబ్బ వయసుతో పెరగదు. పెరిగేది ఒళ్లు. బిగుసుకున్న కండరం ఎముకతో సమానంగా సాగదు, అందువల్ల మూడేళ్లప్పుడు మునివేళ్ల మీద నడిచే పిల్లవాడికి పదేళ్లకు మడమ నేలకు ఆనడమే కష్టమవుతుంది. చికిత్సలన్నీ ఈ కాలంతో పోటీ పడేవే.

ఈ స్థితిని వైద్యలోకం ముందు స్పష్టంగా పెట్టినవాడు లండన్ శస్త్రవైద్యుడు విలియం జాన్ లిటిల్. చిన్నప్పుడు పోలియో వల్ల ఆయన పాదమే వంకర తిరిగింది. 1836లో జర్మనీలో శస్త్రవైద్యుడు స్ట్రోమేయర్ చేత స్నాయువు శస్త్రచికిత్స చేయించుకుని, ఆ విద్యను తానూ నేర్చుకుని స్వదేశం చేరాడు. కష్టకాన్పుకూ పిల్లల కాళ్ల బిగువుకూ సంబంధం ఉందని 1861లో లండన్ ప్రసూతి వైద్య సంఘం ముందు వివరించాడు. చాలాకాలం ఈ వ్యాధికి ‘లిటిల్ వ్యాధి’ అనే పేరే ఉండేది. మనోవిశ్లేషణతో పేరు తెచ్చుకోకముందు నరాల వైద్యుడిగా పనిచేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1897లో దీని మీద పెద్ద గ్రంథమే రాశాడు. కష్టకాన్పు కారణం కాకపోవచ్చని, గర్భంలోనే మొదలైన లోపానికి అదొక లక్షణం కావచ్చని ఆయన వాదించాడు. తర్వాతి కాలపు పరిశోధన చాలా కేసుల్లో ఆయన మాటనే బలపరిచింది.

విద్యుత్తు కథ వేరే చోట మొదలైంది. ఇటలీలో లూయీజీ గాల్వానీ కప్ప కాలిలో కండరం అదరడాన్ని 1791లో ప్రకటించాడు. ఫ్రాన్స్‌లో దుషేన్ అనే వైద్యుడు తడి ఎలక్ట్రోడ్లను చర్మం మీద ఆనించి ఒక్కో కండరాన్ని విడివిడిగా కదిలించే పద్ధతిని సాధించి, 1855లో పుస్తకంగా వెలువరించాడు. ఈనాటికీ ఫిజియోథెరపిస్టు పిల్లవాడి పిక్క మీద వేలితో వెతికి ఎలక్ట్రోడ్ అంటించే చోటు నిర్ణయించడంలో దుషేన్ నేర్పిన మెలకువే ఉంది.

తొడుక్కునే యంత్రానికి పునాది 1961లో పడింది. పక్షవాతం వచ్చినవారు అడుగు వేసేటప్పుడు పాదం ముందు భాగం వేలాడి నేలకు రాసుకుంటుంది. అమెరికా వైద్యుడు లిబర్సన్ మడమ కింద ఒక స్విచ్చు, నడుముకు చిన్న యంత్రం, మోకాలి పక్కన నరం మీద ఎలక్ట్రోడ్లు అమర్చాడు. మడమ పైకి లేవగానే విద్యుత్తు ప్రవహించి పాదాన్ని ఎత్తుతుంది, మడమ ఆనగానే ఆగిపోతుంది. కండరాన్ని ఊరికే అదిలించకుండా, అడుగు వేసే సరైన క్షణంలో పని చేయించడమే ఇందులోని కొత్తదనం. అప్పటి యుగోస్లావియాలోని ల్యుబ్లియానా బృందం ఈ ఆలోచనను పిల్లల దాకా తీసుకెళ్లి, 1976 నాటికి ఆరేళ్ల అనుభవాన్ని ప్రచురించింది.

మన దగ్గర ఆ రోజుల్లో కాళ్లు చచ్చుబడిన పిల్లలంటే ముందు గుర్తొచ్చేది పోలియో. కాలిపర్లు, చంకకర్రలు, ఫారడిక్ యంత్రంతో కరెంటు పెట్టడం అప్పటి ఫిజియోథెరపీ గదుల్లో మామూలే. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. పిల్లల్లో కదలికల వైకల్యానికి ఇప్పుడు ప్రధాన కారణం సెరిబ్రల్ పాల్సీ. అయితే పోలియోలో దెబ్బ తినేది కండరానికి వెళ్లే నరకణం, ఇక్కడ దెబ్బ తినేది ఆ నరాన్ని నడిపించే మెదడు. నరం బతికే ఉంది కనుక విద్యుత్తుకు స్పందిస్తుంది. చికిత్సకు చోటు దొరికింది అందుకే.

1990లలో ఒక ఆశ గట్టిగా మెరిసింది. టొరంటో వైద్యురాలు కరెన్ పేప్ పిల్లలు నిద్రపోతున్నప్పుడు, కండరం కదలనంత తక్కువ మోతాదులో రాత్రంతా విద్యుత్తు పంపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. పిల్లవాడు చేయాల్సింది ఏమీ లేదు, తల్లి నిద్ర చెడదు. అనేక దేశాల్లో కుటుంబాలు యంత్రాలు కొన్నాయి. డెన్మార్క్‌లో నడవగల పిల్లల మీద ఏడాది పాటు, ఎవరికి నిజమైన విద్యుత్తు వెళ్తోందో కుటుంబాలకూ, పరిశోధకులకూ తెలియకుండా జరిపిన పరీక్ష 2002లో వెలువడింది. నకిలీ యంత్రం పెట్టుకున్న పిల్లలకూ అసలుది పెట్టుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ ఫలితం బాధ పెట్టేదే, కానీ పేద కుటుంబాలకు ఇంత మేలు చేసిన పరిశోధన అరుదు. అప్పు చేసి యంత్రం కొనబోయే తండ్రికి ఎవరో ఒకరు ముందే చెప్పాల్సిన మాట అది.

పనితో ముడిపడిన ప్రేరణ మాత్రం నిలిచింది. 2000ల మధ్యలో కెనడా పరిశోధకుడు రిచర్డ్ స్టైన్ కృషి నుంచి వచ్చిన వాక్‌ఎయిడ్ మార్కెట్‌లోకి వచ్చింది. మోకాలి కింద కట్టే ఈ పట్టీ మడమ స్విచ్చు అవసరం లేకుండా కాలి వంపును బట్టే అడుగును పసిగడుతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒంటివైపు బిగువున్న 32 మంది పిల్లలతో చేసిన పరీక్ష 2015లో ప్రచురితమైంది. రోజుకు నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు, ఎనిమిది వారాల పాటు ఇంట్లో, బడిలో తొడుక్కున్న పిల్లల నడకలో మెరుగుదల కనిపించింది. ఆ నాలుగు గంటలు ఎవరూ పక్కన కూర్చోనక్కర్లేదన్నది ఇందులో గమనించాల్సిన సంగతి.

2010ల తొలినాళ్లలో స్వీడన్ నుంచి మొల్లీ సూట్ వచ్చింది. ప్యాంటు, చొక్కాల్లో 58 ఎలక్ట్రోడ్లు కుట్టి ఉంటాయి, సెకనుకు 20 స్పందనలు వెళ్తాయి. ఒక కండరాన్ని ప్రేరేపిస్తే దానికి ఎదురుగా ఉన్నది సడలుతుందని బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త షెరింగ్టన్ నిరూపించిన సూత్రమే దీనికి ఆధారం. రెండు రోజులకోసారి గంటసేపు తొడిగితే బిగువు తగ్గుతుందని తయారీదారుల మాట. దీని మీద వచ్చిన అధ్యయనాలు చిన్నవి, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. ధర మాత్రం లక్షల్లో ఉంటుంది. పైగా ఒంటినిండా బిగుతుగా ఉండే దుస్తులు వేసవిలో 45 డిగ్రీలు దాటే ఉత్తర తెలంగాణలో పిల్లల చర్మానికి పెట్టే పరీక్ష వేరే.

ఈ యంత్రాలు చేరాల్సిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ నుంచి విడివడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది. మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు బీడీల చాటల ముందు ఉండే ఇళ్లు ఈ ప్రాంతంలో వేలల్లో ఉన్నాయి. సిరిసిల్లలో మరమగ్గం షిఫ్టు పన్నెండు గంటలు నడిచే ఇళ్లున్నాయి. పిల్లవాడి కాళ్లకు వ్యాయామం చేయించే బాధ్యత తల్లి మీదే పడుతుంది, ఆ గంటలు ఆమె బీడీల లెక్కలోంచి తరిగిపోతాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన మేధో వైకల్యాల జాతీయ సంస్థకో, హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికో వెళ్లాలంటే సిరిసిల్ల నుంచి సుమారు 140 కిలోమీటర్లు, జగిత్యాల నుంచి 190 దాకా ప్రయాణం. ఒక రోజు కూలి, ఇద్దరి ఛార్జీలు, ఎత్తుకుని బస్సెక్కాల్సిన పిల్లవాడు. నెలకోసారి కూడా ఇది తేలిక కాదు.

అందుకే చికిత్స ఇక్కడ మొదట దొరికేది మండలాల్లోని భవిత కేంద్రాల్లో. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ శిబిరాలు జరుగుతాయి, రాలేని పిల్లల ఇళ్లకు ఉపాధ్యాయులే వెళ్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే బాట వేసింది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. పిల్లల ఎముకల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, ఫిట్స్ చూసే వైద్యుడు ఒకేచోట దొరకాలంటే ఆశ పెట్టుకోవాల్సింది వీటి మీదే.

ఫిట్స్ సంగతి పక్కన పెట్టలేనిది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో మూర్ఛ తరచుగా కనిపిస్తుంది, అలాంటప్పుడు వైద్యుడి సలహా లేకుండా విద్యుత్ ప్రేరణ మొదలుపెట్టకూడదు. పేస్‌మేకర్ గానీ, మందు వదిలే పంపు గానీ ఒంట్లో అమర్చి ఉన్నవారికి ఇది తగదు. మెదడు నీటిని మళ్లించే షంట్ ఉంటే మొల్లీ సూట్ తొడగరు. ఎలక్ట్రోడ్ తీశాక చర్మం మీద మిగిలే ఎరుపు కాసేపట్లో తగ్గాలి, తగ్గకపోతే మర్నాడు ఆపాలి. స్పర్శ తెలియజెప్పలేని, మాటలు రాని పిల్లల విషయంలో మోతాదు పెంచేటప్పుడు ముఖం చూస్తూ పెంచాలి.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం సెరిబ్రల్ పాల్సీని పేరు పెట్టి గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని 21 వైకల్యాల పరిధిలోకి తెచ్చింది. వైకల్య ధ్రువపత్రం తీసుకున్న కుటుంబాలు రాష్ట్ర ప్రభుత్వ పింఛనుకు అర్హత పొందవచ్చు. ఆ పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలైంది. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, అందులో కొంత భాగం ఫిజియోథెరపీ వంటి నిరంతర చికిత్సలకు వాడుకోవచ్చు. కొన్ని వేల రూపాయల చిన్న ప్రేరణ యంత్రం, దాన్ని ఎక్కడ అంటించాలో తల్లికి నేర్పే ఫిజియోథెరపిస్టు, పక్షానికోసారి భవిత కేంద్రంలో తనిఖీ: లక్షల సూట్ కన్నా ముందు అందాల్సినవి ఇవి.